అప్‌డేట్: విస్లర్‌కి జులైలో అమ్మానాన్నలతో వెళ్లొచ్చాం

సియాటిల్ నుంచి కెనడాలోని విస్లర్ వెళ్దామనుకుంటున్నాం, మంచు లేని స్కీ రిసార్ట్‌లో మోకాళ్ల నొప్పులున్న అమ్మకి, బీపీ ఉన్న నాన్నకి, పిల్లలకి ఏముంటుందని ఇక్కడ అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.

పీక్ టు పీక్ గొండోలా (తీగ మీద వెళ్లే క్యాబిన్లు) సలహానే ట్రిప్పుని నిలబెట్టింది. విస్లర్, బ్లాక్‌కోంబ్ కొండల మధ్య 4.4 కిలోమీటర్లు, 11 నిమిషాల ప్రయాణం. కూర్చునే లోయంతా చూడొచ్చు. అడుగున అద్దమున్న క్యాబిన్లు రెండే, వాటికి లైను వేరు. పిల్లల కోసం ఆగాం, ఆగినందుకు ఫలితం దక్కింది. జులైలో కూడా పైన అక్కడక్కడా మంచుంది, అమ్మ చేత్తో తీసుకుని ఎంత మురిసిపోయిందో!

వేలాడే వంతెన, క్లౌడ్‌రేకర్, మాత్రం పెద్దవాళ్లకి వద్దు. కొండ మీద గొండోలా స్టేషన్ దగ్గరుండే రౌండ్‌హౌస్ నుంచి, వంతెనకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ దాకా బాగా దిగాలి, తిరిగొచ్చేటప్పుడు అదే ఎక్కాలి. మేం పిల్లలతో వెళ్లొచ్చాం, అమ్మానాన్నలు రౌండ్‌హౌస్‌లో టీ తాగుతూ కూర్చున్నారు. సాయంత్రాలు లాస్ట్ లేక్ దగ్గర నడక అందరికీ సరిపోయింది.

ఎత్తు గురించి పడ్డ టెన్షన్ అనవసరం. రౌండ్‌హౌస్ సుమారు 1,850 మీటర్లు, ఊటీ కన్నా తక్కువే. నాన్నని చూసే డాక్టర్ కూడా మందులు ఆపకుండా వేసుకుంటే చాలన్నారు. స్కీ జాకెట్లూ అక్కర్లేదు, స్వెటర్ చాలు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో విజిటర్ వీసా మీద అమెరికా వచ్చిన పేరెంట్స్‌కి కెనడా వీసా విడిగా కావాలి. అది ముందే చూసుకోండి.