నగమా, నాగా? స్కూటర్ నంబరు పద్యంలో ఒక మాట

శ్యామల (రాజాం): అందరికీ నమస్కారం. మా తాతగారు తెలుగు మాస్టారు. నాన్న స్కూటర్ కొన్నప్పుడు, ఒక్కో అంకెకి గుర్తుగా ఒక్కో మాట పెట్టి, నంబరు ఇమిడేలా ఒక ఆటవెలది పద్యం కట్టారు. నాకు గుర్తున్నవి రెండు పాదాలే:

శశియు వేద నగము శరమును గూడిన
బండి వచ్చె మాదు పల్లె కిపుడు

అమ్మేమో "నగము" కాదు, "నాగ" అంటుంది. చిన్నాన్న నగమే అని పట్టు. బండి ఎప్పుడో తుక్కుకి పోయింది, ఆర్‌సీ దొరకలేదు. ఆయుధపూజ నాటి ఫొటోలో పై వరుస ఏపి 30 కనిపిస్తోంది కానీ, అంకెల మీద బంతిపూల దండ పడింది. ఛందస్సు తెలిసినవాళ్లు తేల్చి చెప్పరూ?

సూర్యనారాయణ: ఛందస్సు తేల్చదమ్మా. ఆ పాదంలో మూడోది సూర్యగణం, అంటే నగణం (మూడు లఘువులు) గానీ హగణం (గురువు, లఘువు) గానీ. నగము నగణం, నాగ హగణం, రెండూ చెల్లుతాయి. యతి శశియు, శరమును దగ్గర పడింది, దానికి ఈ మాటతో పనే లేదు. "నాగము" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, భగణమై (గురువు, రెండు లఘువులు) పాదం కుంటుతుంది.

అప్పలరాజు: శశి ఒకటి, వేదం నాలుగు, శరం అయిదు. నగం, అంటే కొండ, ఏడు; నాగం ఎనిమిది. అక్కడితో అయిపోలేదు. అంకానాం వామతో గతిః, అంకెలు ఎడమవైపుకి నడవాలి! శాసనాల్లో శకవర్షం చెప్పినట్టు మొదటి మాట ఒకట్ల స్థానంలోకి వెళ్లాలి. కాబట్టి 1475, 1485 కాదు. 5741 గానీ 5841 గానీ.

కామేశ్వరి: అది శాసనం కాదు, స్కూటర్. అరుగు మీద కూర్చున్నవాళ్లు పద్యం విని, బోర్డు చూసి నవ్వుకోవాలి. వెనక నుంచి లెక్కపెట్టమంటే ఎవరు నవ్వుతారు? నేరుగానే చదవాలి.

అప్పలరాజు: ఆ తరం మాస్టార్లు వామగతి వదిలేవారు కాదండీ.

పైడిరాజు (విజయనగరం): మీరంతా కూడిక మరిచారు. 1+4+8+5 పద్దెనిమిది, అంటే తొమ్మిది. నగం పెడితే పదిహేడు, ఎనిమిదికి దిగుతుంది. మన జనానికి తొమ్మిది అంటే ఉన్న పిచ్చి తెలిసిందే కదా, 9999 కోసం వేలంలో ఎంతకైనా పోతారు. నాగే!

శ్యామల: నాన్నకి అలాంటి పట్టింపు లేదండీ. వచ్చిన నంబరు తీసుకున్నారట.

సూర్యనారాయణ: పైగా ఎటు నుంచి కూడినా మొత్తం అంతే. పైడిరాజు గారి తొమ్మిదితో అప్పలరాజు గారి గొడవ తీరదు.

కామేశ్వరి: నా మొగ్గూ నాగకే, కానీ కారణం వేరు. "నాగ శరమును" అని కలిపి చదవండి. నాగశరం! స్కూటర్ బాణంలా దూసుకొచ్చిందని శ్లేష. ఇంత మంచి అవకాశం మాస్టారు వదులుకుంటారా?

సూర్యనారాయణ: మరి "వేద నగము" కలిపి చదివితే వేదగిరి కాదూ? శ్లేష కావాలంటే అటూ దొరుకుతుంది. మీ నాగశరం కంటే నా కొండే గట్టిది.

అప్పలరాజు: అసలు నాగానికి ఎనిమిది అష్టదిగ్గజాల వల్లా, అష్టనాగుల వల్లా?

కామేశ్వరి: ఏదైనా ఎనిమిదే. దయచేసి ఆ దారి పట్టకండి.

పైడిరాజు (విజయనగరం): ఫొటోలో ఏపి 30 ఉందంటే బండి 1989 జూలై తర్వాతదే. కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చాకే ఈ ఏపి, జిల్లా అంకె. శ్రీకాకుళం 30, విశాఖ 31, మా విజయనగరం 35. ఎంత అన్యాయమో చూడండి, ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఇచ్చారు. తెలుగు వరుసలో ఇచ్చి ఉంటే జ ముందు, శ తర్వాత. విజయనగరం, ఆ వెనక విశాఖ, మన మూడింట్లో చివర శ్రీకాకుళం!

అప్పలరాజు: శ్రీకారం చివర పెట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను.

సూర్యనారాయణ: ఆ ముచ్చటా 2019లో పోయింది. జిల్లా అంకె తీసేసి, కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపి 39 ఇచ్చారు. ఇదివరకు చెన్నైలోనో హైదరాబాదులోనో 30 కనిపిస్తే పక్కన ఆపి "ఏ ఊరండీ, టెక్కలా, పలాసా?" అని అడిగేవాళ్లం. ఇప్పుడు 39 చూసి ఏమని అడుగుతాం? ఆర్టీసీ బస్సు జెడ్ సిరీస్ ఒక్కటే చూడగానే చుట్టంలా అనిపిస్తుంది.

పైడిరాజు (విజయనగరం): మా వీధిలో ఒకాయన స్కూటర్ మీద తెలుగు అంకెల్లో ౩౫ అని రాయించుకున్నాడు. పోలీసు ఆపి ఫైన్ వేశాడు. భాషాభిమానానికి రసీదు కూడా ఇచ్చాడు.

కామేశ్వరి: నిబంధన అలాగే ఉంది మరి. ఇంగ్లీషు అక్షరాలు, అరబిక్ అంకెలు. అందుకే తెలుగు పద్యంలోకి పారిపోయింది.

అప్పలరాజు: ఒకటి గమనించారా? "ఏపి ముప్పది" అనండి. లఘువుకి ఒకటి, గురువుకి రెండు చొప్పున మూడు, నాలుగు మాత్రలు. గురజాడ ముత్యాలసరం ఛందస్సు నడక! గురజాడ తిరిగిన జిల్లాకి కాక, మా జిల్లాకి దక్కింది.

పైడిరాజు (విజయనగరం): "ఏపి ముప్పది యైదు" అంటే పది మాత్రలు వచ్చేశాయి. ఇంకో నాలుగు పడితే పాదం నిండుతుంది. మీది సగంలో ఆగిపోయింది.

సూర్యనారాయణ: జనం "ఏపీ" అని దీర్ఘం తీస్తారు. అప్పుడు నాలుగు, నాలుగు. మీ ముత్యాలు తెగాయి.

అప్పలరాజు: బోర్డు మీద దీర్ఘం ఎక్కడుందండీ?

సూర్యనారాయణ: నోట్లో ఉంది కదా! అయినా ఆ నడక గురజాడ కొత్తగా పుట్టించిందేమీ కాదు. వృషభగతి రగడ అనే పాత ఛందస్సులో ముందే ఉంది.

కామేశ్వరి: రగడలో ఉన్నది మాత్రల లెక్క. ఆ లెక్కని వాడుకమాటతో కలిపి పాడించింది గురజాడ. ఈ వాదన ఇంతకుముందు ఇక్కడే మూడు రోజులు నడిచింది, మళ్లీ మొదలుపెట్టొద్దు.

సూర్యనారాయణ: అప్పుడు మీరు నా చివరి ప్రశ్నకి జవాబివ్వలేదు. రగడకి అంత్యప్రాస ఉంది, ముత్యాలసరానికి లేదు. అది తీసేయడం కొత్త ఛందస్సా, పాతదానికి సడలింపా?

శ్యామల: చిన్నాన్నని మళ్లీ అడిగాను. ఇప్పుడు ఆయన "నగము" కాదు, "నగలు" అంటున్నారు.

సూర్యనారాయణ: నగలు కూడా నగణమే.