ట్రైలర్ ఇంటికి 335 వాట్ల ప్యానెల్ పెట్టినా బ్యాటరీ నిండదు, ఇంకోటి కొనాల్నా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)

అన్నలకు, అక్కలకు నమస్తే. బొలెరో వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ ఇల్లు ఉండాది మాకు. చాసిస్ మా ఊరి వెల్డింగ్ షాపులోనే కట్టించినాం. లోపల ఇద్దరు పండుకునే మంచం, వెనక తలుపు పైకెత్తితే వంటకట్ట. చలికాలంలో గండికోట, మైలవరం డ్యాము, ఒక్కోసారి అహోబిలం దాకా పోతాం. మా అమ్మ ఇన్సులిన్ వేసుకుంటాది కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టినా. మిగతావి ఆగినా ఫరవాలేదు గానీ అది ఆగితే బండి ఇంటికి తిప్పాల్సిందే.

సామాను ఇది. ఇంటి మీద వేసే 72 సెల్లుల 335 వాట్ల ప్యానెల్ ఒకటి, కప్పుకు ఆనించి బోల్టులు బిగించినారు. బ్యాటరీకి చార్జింగును అదుపు చేసే పెట్టె, 30 ఆంప్స్ పీడబ్ల్యూఎం కంట్రోలర్, తలుపు పక్కన ఉండాది. 150 ఏహెచ్ (ఆంప్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, నీళ్ళు పోసే రకం, మంచం కింద. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య మూడు మీటర్లు. వైరు అంతా 2.5 ఎంఎం, ఇంటి వైరింగుకు వాడేదే. ఫ్రిజ్ వైరు కంట్రోలర్‌లో సామాన్లకు కరెంటు ఇచ్చే లోడ్ టెర్మినల్‌కు ఇచ్చినారు. ఇంగ 25 వాట్ల డీసీ ఫ్యాను, రెండు బల్బులు, ఫోన్లు.

రెండో రోజు తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోతాంది. మిట్టమధ్యాహ్నం క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే 9 ఆంప్స్ దాటదు. 335ను 12తో భాగిస్తే 28 రావాల కదా? అంగడాయప్పను అడిగితే "ప్యానెల్ చాల్లేదు, ఇంకోటి తీసుకో, రెండూ సిరీస్‌లో కడతా" అన్నాడు. కొనేదా? సిరీసా, ప్యారలలా? బొలెరో నడిచేటప్పుడు దాని డైనమో నుంచి ఎక్కించుకోవచ్చునా?

ఎండ మేస్త్రి (తాడిపత్రి)

ఇంకో ప్యానెల్ కొనాకు అన్నా. సిరీస్ మాటే ఎత్తొద్దు.

నీ ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడు. వీఎంపీ (పూర్తి వాట్లు ఇచ్చేటప్పటి వోల్టేజీ) 37 చిల్లర, ఐఎంపీ (అప్పటి ఆంప్స్) 9కి కొంచెం అటూఇటూ, వీఓసీ (ఏమీ తగిలించనప్పటి వోల్టేజీ) 46 దగ్గర రాసుంటాది. ఆ 335 వాట్లు వచ్చేది 37 వోల్టుల దగ్గర. పీడబ్ల్యూఎం అనేది ఒట్టి స్విచ్చి. ప్యానెల్‌ను తీసుకుపోయి బ్యాటరీకి అంటిస్తాది, నిండేకొద్దీ తీస్తా వేస్తా ఉంటాది, అంతే దాని పని. అంటించినప్పుడు ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ దగ్గరుండే 13కు దిగిపోతాది, ఆంప్స్ మాత్రం ఆ 9 దగ్గరే నిలబడతాయి. 13 ఇంటూ 9, 117 వాట్లు. 37 రూపాయలిచ్చి 13 రూపాయల సరుకు తీసుకుంటే చిల్లర తిరిగి ఇయ్యని అంగడి అది. నీ మీటరులో తప్పేం లేదు.

చిల్లర తిరిగిచ్చేది ఎంపీపీటీ అనే ఇంకో రకం కంట్రోలర్. 37 వోల్టులను కిందికి దించి ఆ మేరకు ఆంప్స్ పెంచుతాది. ఎండకు ప్యానెల్ కాగి, దుమ్ము పట్టి, నీ 335లో నికరంగా 260 వాట్లు వస్తాయనుకో. 13.5తో భాగిస్తే 19 ఆంప్స్. ఇప్పుడొచ్చే దానికి రెట్టింపు, కప్పు మీద ఒక్క కిలో బరువు పెరగకుండా. ఆ రెండో ప్యానెల్ 22 కిలోలుంటాది, అదీ బండి నెత్తి మీద. గండికోట మలుపుల్లో తెలుస్తాది దాని సంగతి.

పీడబ్ల్యూఎం ఉంచుకొని రెండు ప్యానెళ్ళు సిరీస్ కడితే రెండిటి వోల్టేజీలు కలిసి వీఓసీ 92 అయితాది. నీ కంట్రోలర్ మీద గరిష్ఠ ఇన్‌పుట్ ఎంత రాసిందో చూడు. ఈ రకం పెట్టెలకు మామూలుగా 50 వోల్టులే. తగిలించిన మధ్యాహ్నమే వాసనొస్తాది. రైతుల సోలార్ మోటార్లు బాగుచేసేది నా పని. వోల్టేజీ ఎక్కువై పోయిన పెట్టెలు నా కాడికి వస్తానే ఉంటాయి, వాటిని బతికించేది కష్టం.

ఇంకోటి. 150 ఏహెచ్ ట్యూబులర్‌కు పదోవంతు, అంటే 15 ఆంప్స్ హాయి. 20 దాకా తట్టుకుంటాది. రెండు ప్యానెళ్ళు ఎంపీపీటీ మీద పెడితే 40 దగ్గరకు పోతాది, నీళ్ళు ఉడికి ఆవిరైతాయి. అందుకే నీ బ్యాటరీకి ఒక్క ప్యానెలే జత.

ఇప్పుడు వైరు. నువ్వు అడగలేదు గానీ నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించింది ఇదే. 2.5 ఎంఎం రాగి తీగ మీటరుకు 7 మిల్లీ ఓమ్‌లకు పైన. పోను మూడు, రాను మూడు, ఆరు మీటర్లు. 20 ఆంప్స్ పారితే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతాది. కంట్రోలర్ తన దగ్గర 14.4 చూసుకొని "నిండింది" అనుకుంటాది, బ్యాటరీ మూతుల (టెర్మినళ్ళ) దగ్గర చూస్తే 13.5. అట్ల రోజూ సగం కడుపుతో ఉంచితే ట్యూబులర్ ప్లేట్ల మీద సల్ఫేటు గడ్డ కడతాది. కంట్రోలర్‌ను బ్యాటరీ పక్కకు తెచ్చేయి, మీటరు లోపల. ఆ మీటరు 10 ఎంఎం వైరు వెయ్యి. ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు 4 ఎంఎం సోలార్ వైరు చాలు, అక్కడ పారేది 37 వోల్టుల మీద 9 ఆంప్సే కాబట్టి దూరమైనా నష్టం పెద్దగా లేదు.

బ్యాటరీ మంచం కింద ఉండనే కూడదు. చార్జింగులో హైడ్రోజన్ వదులుతాది, పైన అమ్మ పండుకొని ఉంటాది. ముందు తగిలించే కొక్కెం దగ్గర గాలి ఆడే పెట్టె కట్టించి అందులో పెట్టు. ప్యానెల్ కింద కూడా రెండు మూడు అంగుళాల సందు ఇప్పించు. 25 డిగ్రీలు దాటినాక ప్రతి డిగ్రీకి 0.4 శాతం దాకా పోతాది, మే నెలలో కప్పుకు అంటుకున్న ప్యానెల్ 65, 70 డిగ్రీలకు పోవడం మామూలే. దుమ్ము సంగతి వేరే చెప్పాల్నా? మా ఊర్లో పాలిష్ మిషన్ల తెల్లదుమ్ము, మీకు ఎర్రగుంట్ల దోవలో సిమెంటు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తుడువు. బోరు నీళ్ళు పోసి ఆరనిస్తే ఉప్పు మరక నిలబడతాది.

బురుజు వీధి (కర్నూలు)

మేస్త్రి గారు చెప్పిన ఎంపీపీటీ, వైరు సంగతి సరైనవే. కానీ "ఒక్క ప్యానెలే జత" అన్నచోట ఆగాలి తమ్ముడూ, ఎందుకంటే లెక్క అంచు మీద ఉంది. నీ ఫ్రిజ్ 45 వాట్లనుకుని రోజులో సగం సేపు తిరిగితే 540 వాట్ అవర్లు. ఫ్యాను రాత్రి పది గంటలు, 250. లైట్లు, ఫోన్లు ఓ వంద. దగ్గర దగ్గర 900. ట్యూబులర్‌ను సగం కంటే లోపలికి వాడకూడదు, 150 ఏహెచ్ ఇంటూ 12 వోల్టులు 1800, అందులో సగం కూడా 900. ప్యానెల్ వైపు 335 ఇంటూ 5 గంటలు, అందులో వేడి, దుమ్ము, కంట్రోలర్ పోను ముప్పాతిక, 1250. బ్యాటరీ అందులో ఓ 15 శాతం మింగుతుంది. మిగిలేది వెయ్యి చిల్లర. ఎండ బాగుంటే గట్టెక్కుతావు, ఒక్క రోజు తుపాను మబ్బు పట్టిందంటే మర్నాడు ఫ్రిజ్ ఆగుతుంది.

పైగా నువ్వు తిరిగేది చలికాలం. మన అక్షాంశంలో ఏప్రిల్ చివర, ఆగస్టు రెండో వారంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఏ లోటూ లేదు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా 52 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. సూటిగా పెట్టిన ప్యానెల్‌తో పోలిస్తే ఐదో వంతు తగ్గుతుంది, పొద్దున, సాయంత్రం ఇంకా ఎక్కువ. ఎలాగూ సందు ఇప్పిస్తున్నావు కదా, ఒక పక్క మడతబందులు వేయించు. ఆగినచోట దక్షిణం వైపు వాలేలా ముప్పై డిగ్రీలు లేపి ఇనుప కడ్డీ ఆనించు. బండి కదిలే ముందు దించడం మరిచిపోవద్దు. నీడ కూడా చూసుకో. చెట్టు కింద పెడితే ఇల్లు చల్లగా ఉంటుంది కానీ ఒక కొమ్మ నీడ పడినా ప్యానెల్‌లో మూడో వంతు పడుకుంటుంది.

బ్యాటరీ ఈసారి పోయినప్పుడు మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకో. 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు, అందులో వెయ్యి నిశ్చింతగా వాడొచ్చు, బరువు పది పన్నెండు కిలోల దగ్గర. ట్యూబులర్ యాభైకి పైనే. అప్పుడు రెండో ప్యానెల్ ఆలోచిద్దువు, లిథియం 40 ఆంప్స్ తీసుకుంటుంది.

ఎండ మేస్త్రి (తాడిపత్రి)

అక్క లెక్క కాదనను. మబ్బు రోజున ఫ్యాను ఆపుకొని ఫ్రిజ్‌కు వదలాల, చలికాలం కదా. మడతబందుల మాట మంచిది. గాలికి లేచిపోకుండా కడ్డీకి చీలపిన్ను మాత్రం పెట్టించు, గండికోట లోయ గాలి సామాన్యమైంది కాదు.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)

అన్నా, అక్కా, చాలా సంతోషం. స్టిక్కర్ చూసినా, వీఓసీ 45.9 ఉండాది. కంట్రోలర్ మీద 50 వోల్టులే రాసినారు! సిరీస్ వద్దని అంగడాయప్పకు చెప్పేసినా. ఎంపీపీటీ 30 ఆంప్స్‌ది, ఇన్‌పుట్ 100 వోల్టులది చూస్తాండా. ఫ్యూజు ఎంతది వెయ్యాల? ఫ్రిజ్ లోడ్ టెర్మినల్ మీదనే ఉండనిద్దునా? బొలెరో సంగతి ఎవురూ చెప్పలేదు.

ఎండ మేస్త్రి (తాడిపత్రి)

బ్యాటరీ ప్లస్ మూతి నుంచి జానెడు లోపల 30 ఆంప్స్ ఫ్యూజు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టాకు, డీసీ నిప్పు దాంట్లో ఆరదు. ఫ్రిజ్‌ను లోడ్ టెర్మినల్ నుంచి తీసి, వేరే 15 ఆంప్స్ ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి ఇయ్యి, 4 ఎంఎం వైరుతో. కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు ఒక్కసారిగా లాగుతాది, చిన్న లోడ్ టెర్మినళ్ళు ఆ దెబ్బకు సప్లై ఆపేస్తాయి. బ్యాటరీ మరీ దిగితే ఆపేది చాలా ఫ్రిజ్‌లలోనే ఉంటాది, సెట్టింగు చూసుకో.

తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం ఫ్లడెడ్ (నీళ్ళు పోసేది) అని పెట్టు. టెంపరేచర్ సెన్సార్ వైరు వస్తే బ్యాటరీ పక్కకు అంటించు. 45 డిగ్రీల్లో 14.4 పెట్టరాదు, 14 చాలు, ఆ సెన్సారే దించుకుంటాది.

బొలెరో నుంచి నేరుగా వైరు లాగితే అంత దూరం వచ్చేసరికి వోల్టేజీ చాలదు. మధ్యలో 20 ఆంప్స్ డీసీ టు డీసీ చార్జర్ పెట్టాల, ఇంజను నడిచేటప్పుడే అది పనిచేసేట్టు చూసుకోవాల. ప్రొద్దుటూరు నుంచి గండికోట ఎంత దూరం అని, దానికి అంత ఖర్చు? ముందు ఎంపీపీటీ పెట్టి, మధ్యాహ్నం 12కు క్లాంప్ మీటర్ రీడింగు, అదే టయానికి బ్యాటరీ మూతుల దగ్గర వోల్టేజీ, రెండూ ఇక్కడ పెట్టు.