నైలు క్రూయిజ్: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో లక్సర్, అస్వాన్ వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

లంక_గట్టు (ప్రశ్న)

అమ్మానాన్నలను నవంబరు చివర్లో ఈజిప్టు తీసుకెళ్లాలనుకుంటున్నామండి. నాన్నగారికి 68, అమ్మకి 63. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం కష్టం. ఇద్దరూ శాకాహారులే. రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్ మీదుగా కైరో, తర్వాత లోపలి విమానంలో లక్సర్ అనుకుంటున్నాం.

ఏజెంటు రెండు ప్యాకేజీలు చూపించాడు. లక్సర్ నుంచి అస్వాన్‌కి 4 రాత్రులు, అస్వాన్ నుంచి లక్సర్‌కి 3 రాత్రులు. రెండూ "ఫైవ్ స్టార్ డీలక్స్" అంటున్నాడు, రేటులో పెద్ద తేడా లేదు. ఏది తీసుకోవాలి? బోటులో ఏ గది అడగాలి? రాజుల లోయలో అమ్మ దిగగలిగే సమాధులున్నాయా? తిండి, మందుల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఎగువ_గాలి

4 రాత్రులదే తీసుకోండి. ఆలయాలు రెండింటిలోనూ దాదాపు అవే. తేడా అంతా లక్సర్‌కి ఎంత సమయం దొరుకుతుందన్నదే. 4 రాత్రుల ప్యాకేజీలో మొదటి రోజు తూర్పు గట్టున కర్ణాక్, లక్సర్ ఆలయాలు, రెండో రోజు పొద్దున్నే పడమటి గట్టున రాజుల లోయ సమాధులు వస్తాయి. 3 రాత్రులదాంట్లో ఇవన్నీ చివరికి పోగవుతాయి. అలసిపోయిన కాళ్లతో, ఒక్కోసారి గది ఖాళీ చేసి సామాను లాబీలో పెట్టి మరీ చూడాల్సొస్తుంది.

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి అస్వాన్ ఎగువ, లక్సర్ దిగువ. మధ్య దూరం 200 కిలోమీటర్ల పైచిలుకే. అందుకే 4 రాత్రులంటే నాలుగు రాత్రులూ ప్రయాణమని అనుకోవద్దు. మొదటి రాత్రి లక్సర్ రేవులో, చివరి రాత్రి అస్వాన్ రేవులో బోటు కట్టేసే ఉంటుంది.

మధ్యలో ఎస్నా దగ్గర బ్యారేజీకి, నీటిమట్టం మార్చి బోట్లను దాటించే లాకు ఉంది. బోట్లన్నీ వరసలో నిలబడతాయి, కొన్ని గంటలు ఆగాల్సి రావచ్చు. మరమ్మతులకి లాకు మూసే రోజులు కూడా ఉంటాయి. అప్పుడు ప్రయాణికులను బస్సులో దాటించి అవతల ఇంకో బోటు ఎక్కిస్తారు. మీ తేదీలకి అలాంటిదేమైనా ఉందా అని డబ్బు కట్టకముందే అడగండి.

స్టార్ల సంఖ్య చూసి నిర్ణయించుకోవద్దు. బోటు పేరు, డెక్కు, గది నంబరు కాగితం మీద రాయించుకోండి. చాలా ప్యాకేజీల్లో "ఇదే స్థాయి మరో బోటు" అన్న చిన్న వాక్యం ఉంటుంది, దాన్ని కొట్టేయించండి. ఏ ఆలయానికి ఎన్ని గంటలకు తీసుకెళ్తారో కూడా రాయించండి. బోటు ఎంత గొప్పదైనా రాజుల లోయకి 10 గంటలకి చేరిస్తే ఉపయోగం లేదు.

గది విషయం: రేవుల్లో చోటు చాలక బోట్లను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. గట్టుకి రావాలంటే పక్క బోట్ల లాబీల్లోంచి నడిచి రావాలి. కిటికీ తెరిస్తే ఎదుటి బోటు గోడ కనిపిస్తుంది, డీజిల్ వాసన లోపలికొస్తుంది. ఆ బాధ కింది డెక్కులో ఎక్కువ. వెనక భాగంలో ఇంజను, జనరేటరు హోరు. కాబట్టి పై డెక్కులో, బోటు మధ్య నుంచి ముందు వైపు గది అడగండి. అయితే పై డెక్కంటే మెట్లు. చాలా బోట్లలో లిఫ్టు ఉండదు. అమ్మగారి కోసం అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. లిఫ్టు లేకపోతే రిసెప్షన్ ఉన్న డెక్కులోనో, దానికి ఒక్క అంతస్తు పైనో గది తీసుకోండి.

పడమటి_గట్టు

రాజుల లోయలో మామూలు టికెట్ మీద మూడు సమాధులు చూడొచ్చు. ఏవేం చూడాలన్నది మన ఇష్టమే, రోజూ అన్నీ తెరిచి ఉండవు. గైడ్లు సమాధుల లోపల వివరించడానికి వీల్లేదు, బయట బోర్డు దగ్గరే చెప్పేసి పంపిస్తారు. కాబట్టి లోపల ఏం చూడాలో ముందే తెలుసుకుని దిగాలి.

అమ్మగారికి అనువైనవి రామ్సెస్ 4 (కేవీ 2), రామ్సెస్ 9 (కేవీ 6) రాజుల సమాధులు. కేవీ అంటే ఈ లోయలో సమాధులకి ఇచ్చిన వరస సంఖ్య. రెండూ వెడల్పుగా, తిన్నగా, కొంచెం వాలుగా లోపలికి పోతాయి. విడిగా టికెట్ కొనాల్సినవాటిలో రామ్సెస్ 5, 6 ఇద్దరిదీ అయిన కేవీ 9కి డబ్బు పెట్టండి. దారి తిన్నగా ఉంటుంది. సమాధి గదిలో పైకప్పు నిండా ఆకాశ దేవత నూత్ బొమ్మ ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున మళ్లీ కంటుందని వాళ్ల నమ్మకం. ఆ పైకప్పు కింద ఆగి, తల ఎత్తి తీరిగ్గా చూడండి. లోయ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చే గది అది.

తుతన్‌ఖామున్ సమాధి (కేవీ 62) చిన్నది, మెట్లు తక్కువే. 1922 నవంబరులో పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ బృందం కనిపెట్టినది ఇదే. ఇప్పుడు లోపల ఉన్నది మమ్మీ, రాతి పెట్టె, ఒక్క గది గోడల మీద బొమ్మలు. బంగారు ముసుగు, మిగతా నిధి కైరో, గీజా వైపు మ్యూజియంలలో ఉన్నాయి. అది తెలియక టికెట్ కొని నిరాశపడేవాళ్లు ఎక్కువ. సేతి 1 (కేవీ 17) అద్భుతమే కానీ చాలా లోతు, తిరిగి ఎక్కాలి. తుత్‌మోస్ 3 (కేవీ 34)కి ముందు కొండ మీదికి ఇనప మెట్లెక్కి, మళ్లీ నిటారుగా లోపలికి దిగాలి. ఈ రెండూ నాన్నగారు ఓపికుంటే చూడొచ్చు, అమ్మగారు వద్దు. లోపల గాలాడదు, ఉక్కగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు వరసగా మూడు దిగకుండా మధ్యలో పది నిమిషాలు బయట నీడలో కూర్చోవాలి.

లోయ ఉదయం 6 గంటలకే తెరుస్తారు. బస్సుల గుంపు వచ్చేలోపు కేవీ 9 చూసేయండి. గేటు నుంచి సమాధుల దాకా బ్యాటరీ బండి ఉంది. హత్షెప్సుత్ ఆలయం దగ్గరా ఉంది, కానీ అక్కడ దిగాక పొడవాటి ర్యాంపులు ఎక్కాలి. కింది నుంచి చూసినా ఆ కొండా కట్టడమూ కలిసి బాగా కనబడతాయి.

దారిలో బోటు ఆగే ఎడ్ఫులో రేవు నుంచి ఆలయానికి గుర్రబ్బండి ఎక్కిస్తారు. మెట్టు ఎత్తు ఎక్కువ, కుదుపులూ ఎక్కువే, దిగాక అదనంగా డబ్బు అడుగుతారు. ఆటోగానీ కారుగానీ ఏర్పాటు చేయమని ముందే చెప్పండి. ఆలయం మాత్రం వదలొద్దు. క్రీ.పూ. 237లో మొదలుపెట్టి 57లో పూర్తి చేశారు, గోపురం లాంటి ముఖద్వారం 36 మీటర్ల ఎత్తు. లోపలికి వెళ్లేకొద్దీ నేల లేస్తూ, కప్పు దిగుతూ, వెలుగు తగ్గుతూ గర్భగుడి దాకా తీసుకెళ్తుంది.

దారిలోనే ఉన్న కొమ్ ఓంబో ఆలయం రేవు పక్కనే, నడిచి వెళ్లొచ్చు. మొసలి దేవుడు సోబెక్‌కి, డేగ దేవుడు హోరస్‌కి చెరిసగం కట్టిన జంట ఆలయం. ఆవరణలో నైలు మట్టం కొలిచే బావి ఉంది. వరద ఎంత ఎత్తు వచ్చిందో చూసి ఆ ఏడాది పంట, శిస్తు అంచనా వేసేవారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తే లంకల్లో సామాను సర్దుకునే మనకి ఆ బావి ఎందుకు తవ్వారో ఇట్టే అర్థమవుతుంది.

మందులషాపు_మలుపు

మందుల గురించి చాలా గట్టిగా చెప్తున్నా. మోకాళ్ల నొప్పికి మన దగ్గర రాసే బిళ్లల్లో కొన్నిటిలో ట్రమడాల్ ఉంటుంది, పారాసెటమాల్‌తో కలిపి కూడా వస్తుంది. ఈజిప్టులో అది నియంత్రిత మందు, సంచిలో దొరికితే అరెస్టు దాకా పోతుంది. స్ట్రిప్ వెనక పేర్లు చదివి, ఉంటే డాక్టరు గారితో వేరే మందు రాయించుకోండి. మిగతావి కంపెనీ స్ట్రిప్పుల్లోనే, చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. డబ్బాల్లోకి మార్చొద్దు.

దుబాయ్ మీదుగా అన్నారు కాబట్టి ఇంకోటి. గసగసాలు యూఏఈలో నిషేధం. ఇంట్లో చేసిన మసాలా పొడుల్లో అవి లేకుండా చూసుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. బఫేలో పప్పు సూపు, అన్నం, రొట్టె, ఉడికించిన కూరగాయలు ఎప్పుడూ ఉంటాయి. బుకింగ్ అప్పుడే "మాంసం, చేప, గుడ్డు వద్దు, మాంసం రసం కలిపిన సూపూ వద్దు" అని రాయించండి. ఒట్టి శాకాహారం అంటే చేప పెట్టేవాళ్లున్నారు. అక్కడి ఫూల్ (ఉడికించిన గింజల వంటకం), తామెయ్యా (వడల్లాంటివి) రెండూ బాకలా చిక్కుడు గింజలతో చేస్తారు. ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఎంజైము లోపం) ఉంటే అవి అస్సలు ముట్టకూడదు, రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. పచ్చి సలాడ్, ఐసు మానేసి సీలున్న సీసా నీళ్లే తాగండి. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లండి.

నవంబరు చివర్లో పగలు హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున డెక్కు మీద చలి. ఇద్దరికీ స్వెట్టర్లు తప్పనిసరి.

లంక_గట్టు

ముగ్గురికీ ధన్యవాదాలండి. లిఫ్టు సంగతి మాకు తట్టనే లేదు. రెండే సందేహాలు మిగిలాయి: అస్వాన్‌కి దక్షిణాన అబూ సింబెల్ ఆలయం, లక్సర్‌లో నెఫెర్తారి రాణి సమాధి. రెండూ ఎక్స్‌ట్రా అంటున్నారు.

ఎగువ_గాలి

అబూ సింబెల్ తప్పకుండా వెళ్లండి. అక్కడ అమ్మగారికి మెట్ల బాధ దాదాపు లేదు, నడక మాత్రం ఉంటుంది. కష్టమంతా రోడ్డే. అస్వాన్ నుంచి సుమారు 280 కిలోమీటర్లు, తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరి ఒక్కోవైపు మూడు గంటల పైన కూర్చోవాలి. మధ్యలో ఒకసారి ఆపించి నాలుగడుగులు వేయించండి. లేదా అస్వాన్ నుంచి విమానం చూడండి. ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 వరకు ఆలయాన్ని దిమ్మెలుగా కోసి 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్లీ అతికారు. ఆ అతుకులు దగ్గరికెళ్లి చూపించమని గైడుని అడగండి.

పడమటి_గట్టు

నెఫెర్తారి రంగులకి సాటి లేదు. కానీ టికెట్ ఖరీదు, లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే, రెండు విడతలు మెట్లు దిగాలి. మనుషుల ఊపిరి తేమకే గోడల రంగు దెబ్బతింటుంది కాబట్టి అప్పుడప్పుడు మూసేస్తారు కూడా. తెరిచి ఉందని ఆ వారంలో నిర్ధారించుకున్నాకే కొనండి.

చాలా చోట్ల టికెట్ కౌంటర్లో కార్డే తీసుకుంటారు, నగదు తీసుకోరు. రూపే కాకుండా వీసాగానీ మాస్టర్‌కార్డ్‌గానీ రెండు పట్టుకెళ్లి, విదేశీ లావాదేవీలు ముందే ఆన్ చేయించండి. అస్వాన్ దగ్గర దీవి మీదున్న ఫిలే ఆలయానికి వెళ్లే మోటారు పడవ ఛార్జీ టికెట్‌లో కలవదు, ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి. బోటు సిబ్బందికీ, సామాను మోసేవాళ్లకీ చిన్న ఈజిప్టు నోట్లు విడిగా ఉంచుకోండి. ఇంట్లో పిల్లలెవరైనా డ్రోన్ సర్దుతుంటే తీసేయించండి, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.