బ్లాండ్‌వుడ్: పొలం ఇల్లా, ఇటలీ విల్లానా?

సున్నపుగోడ:
అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరోలో ఉన్న బ్లాండ్‌వుడ్ 18వ శతాబ్దం చివర నాలుగు గదులతో కట్టిన పొలం ఇల్లు. 1844లో అప్పటి గవర్నర్ జాన్ మోట్లీ మోర్‌హెడ్ న్యూయార్క్ వాస్తుశిల్పి అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్‌తో దాన్ని పెంచి కట్టించారు. బురుజు, గార పూత, వెడల్పాటి చూరు అప్పుడు వచ్చినవే. అప్పటినుంచి అందరికీ అది ‘ఇటలీ విల్లా’. ఇది ఆ పాత ఇంటికి చేసిన అన్యాయం. కొత్త ముఖం పెట్టినంత మాత్రాన పుట్టుక మారుతుందా?

చూరునీడ:
మారదు, కానీ ఆ ముఖాన్ని తీసిపారేయలేం. నేను అదే రాష్ట్రంలోని కేరీ ఊళ్లో ఉంటాను, మొన్న వేసవిలో వెళ్లి చూశాను. బయట ఎండకు కళ్లు తెరవలేకపోయాం. బురుజు కింది కమానుల్లోకి అడుగుపెట్టగానే చల్లబడ్డాం. తలెత్తితే వాలు తక్కువ కప్పు, దాని చూరు గోడను దాటి బాగా ముందుకు వచ్చి ఉంది. ఎండావానా బాగా ఉండే చోట ఆ చూరు చేసే మేలు కళ్లారా చూశాను. దాన్ని ఉత్త ముస్తాబు అనడానికి నాకు మనసొప్పదు.

పెంకుటిల్లు:
అసలు బురుజు పొలం ఇంటి సొత్తే! 1765 నుంచి 1790 వరకు ఇటలీలోని టస్కనీని ఏలిన పియెత్రో లియోపోల్దో కాలంలో వాల్ దీ కియానా లోయలో కట్టిన రైతుల ఇళ్లు చూడండి. కింద పశువుల కొట్టం, పైన కుటుంబం, ఆ పైన కప్పు మధ్యలోంచి లేచిన పావురాల గూడు. దూరం నుంచి చూస్తే బురుజే. ఇంగ్లండ్‌లో వాస్తుశిల్పి జాన్ నాష్ 1802 ప్రాంతంలో ష్రాప్‌షైర్‌లో క్రాంక్‌హిల్ అనే బురుజు ఇల్లు కట్టాక ఈ రూపం అక్కడి పల్లెల్లోకి వచ్చింది, తర్వాత అమెరికాకు. అంటే డేవిస్ పొలం ఇంటికి తెచ్చి పెట్టింది పరాయి వస్తువు కాదు.

సున్నపుగోడ:
ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. పావురాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయినా తేడా ఉంది. టస్కనీ రైతుకు ఆ గూడు మాంసం ఇచ్చింది, పొలానికి ఎరువు ఇచ్చింది. మోర్‌హెడ్ బురుజు ఏ పంటకు పనికొచ్చింది? వీధికి ఎదురుగా నిలబడి యజమాని హోదా చాటింది. ఆయనకు బానిసలు ఉండేవారు. వాళ్ల శ్రమతో నడిచిన ఇంటిని ఒక్క వాస్తుశిల్పి పేరుతో చెప్పుకోవడమే నాకు మింగుడుపడనిది.

చూరునీడ:
అది న్యాయమైన మాట. 1988లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. డేవిస్ పనితనం కోసం వచ్చేవాళ్లను మొదట ఇంటి వెనుక భాగంలోని పాత గదుల్లోకి తీసుకెళ్లి, అక్కడ వంట చేసినవాళ్ల గురించి, పొలం దున్నినవాళ్ల గురించి చెప్పి, ఆ తర్వాతే బురుజు చూపించాలి. విల్లా అన్న పేరు ఉంటే ఉండనివ్వండి.

సున్నపుగోడ:
ఆ వరుసకు నేను ఒప్పుకుంటాను. పేరు దగ్గర మాత్రం ఒప్పుకోను.