గ్రామసభకు ముందు ఒక మాట: సోలార్ కంపెనీకి గుట్ట కింది బీడు ఇవ్వాలా, వద్దా?

చీనీతోట:
మాది ఉరవకొండ వైపు ఒక పల్లె. పేరు రాయను, ఊళ్లో ఇప్పటికే రెండు వర్గాలయ్యాయి. ఆరు నెలల కిందట సోలార్ కంపెనీ ఏజెంటు ఒకాయన వచ్చాడు. పట్టా పొలాలకు ఎకరాకు ఏడాదికి 30 వేలు గుత్త, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల అగ్రిమెంటు. ఇంతవరకు గొడవ లేదు. తర్వాత తెలిసింది, వాళ్లకు గుట్ట కింద ఉన్న మూడు వందల ఎకరాల బీడు కూడా కావాలట. రికార్డులో అందులో కొంత మేత పోరంబోకు, మిగిలిందంతా బంజరు.

మా నాయనకు తొమ్మిదెకరాల మెట్ట ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వస్తుంటాను.

నా మాట ముందే చెప్పేస్తా. పట్టా పొలం ఎవరిష్టం వాళ్లది. గుట్ట బీడు మాత్రం వదలకూడదు. ఊళ్లో ఇరవై ఇళ్లకు పైగా గొర్రెల మీదే బతుకుతున్నాయి, అందులో సగం మందికి సెంటు భూమి లేదు. గుత్త డబ్బులో వాళ్లకు ఒక్క రూపాయి రాదు. వచ్చే వారం గ్రామసభలో ‘బీడు ఇవ్వం’ అని తీర్మానం చేయించాలని కొందరం ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ‘అభివృద్ధికి అడ్డం పడుతున్నారు’ అంటున్నారు. మీరేమంటారు?

మెట్టరైతు:
నేను ఇచ్చాను. మూడేళ్లయింది. ఒక్క రోజు కూడా బాధపడలేదు.

ఏడెకరాల్లో చెనక్కాయ వేసేవాణ్ణి. కదిరి లేపాక్షి విత్తనం కూడా వేసి చూశా. ఊడలు దిగే టైముకు వాన మొహం చాటేస్తే ఏ విత్తనమైనా ఒకటే. ఆఖరి పంటకు ఎకరాకు పాతిక వేలు పెట్టా, ఇంటికొచ్చింది నాలుగు బస్తాలు, ఇంత కట్టె. కాసిన కాయ కూడా అడవిపందులు పెరికి పోసేవి. బోర్లు నాలుగు వేశా. ఒకటి ఏడు వందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప తడి లేదు. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్లని పేపర్లో రాస్తారు. ఆ సగటును నమ్ముకుని ఎవరూ విత్తనం వేయలేరు.

ఇప్పుడు ఏడాదికోసారి డబ్బు అకౌంట్లో పడుతుంది. బ్యాంకు లోను తీరింది. కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆకాశం వైపు చూసే టెన్షన్ పోయింది. పల్లె బతుకు, మన పద్ధతులు అనే మాటలు బెంగళూరు నుంచి చాలా తియ్యగా వినిపిస్తాయి తమ్ముడూ. ఏమనుకోవద్దు.

చీనీతోట:
అనుకోనన్నా, అందులో నిజముంది. కానీ నువ్వు ఇచ్చింది నీ పొలం. నేనడిగింది ఊరందరి బీడు గురించి.

వోల్టేజీ:
నేను సోలార్ ప్లాంట్లలోనే పని చేస్తాను, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉందనుకోండి.

ఒక మెగావాట్‌కు నాలుగు నుంచి ఐదు ఎకరాలు కావాలి. రోడ్లు, సబ్‌స్టేషన్ కలిపితే ఇంకాస్త. ఓర్వకల్లు దగ్గర గని–శకునాల పార్కు 1000 మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాల్లో 2017లో పూర్తయింది. నంబులపూలకుంటలో పార్కు వచ్చింది, మైలవరంలో వచ్చింది. ఎండ ఎక్కువ, వాన తక్కువ, నేల చవక. అందుకే సీమకు వస్తున్నారు. బొగ్గు కాల్చొద్దంటే ప్యానెళ్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా? రెండు పంటలు పండే డెల్టా మాగాణిలో పెట్టమంటారా?

కంపెనీలు బంజరు కోసం ఎందుకు పట్టుబడతాయో కూడా చెబుతా. పట్టా భూములైతే నూరు మంది రైతులు, నూరు అగ్రిమెంట్లు, మధ్యలో అన్నదమ్ముల కేసులు. బంజరైతే ఒకే సంతకం.

గొర్లమంద:
ఆ ఒక్క సంతకం ఎవరిదో వాళ్లకు మంద ఉండదు సార్, అక్కడే వచ్చింది చిక్కు.

నేను డిగ్రీ చదివినా ఇప్పటికీ నాయనతో మంద వెంట పోతాను. మాకు నూట నలభై గొర్రెలున్నాయి. ‘బీడంతా ఖాళీగానే ఉంది కదా’ అనేవాళ్లు ఏ నెలలో చూశారో చెప్పాలి. ఏప్రిల్‌లో చూస్తే ఖాళీగానే ఉంటుంది. అప్పుడు మేం అక్కడ ఉండం. పంట కోతలయ్యాక మందను కేసీ కెనాల్ కింది పొలాల వైపు తోలుకుపోతాం. అక్కడి రైతులు చేలో మంద పెట్టించుకుంటారు, ఎరువు పడుతుంది కాబట్టి రాత్రికి ఇంతని ఇస్తారు. ఎండాకాలం అట్లా గడుస్తుంది.

తొలకరి పడితే కథ మారుతుంది. ప్రతి చేనూ విత్తేసి ఉంటుంది. గొర్రె మూతి పెడితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. జూన్ నుంచి పంట ఇంటికి వచ్చేదాకా మందకు గుట్ట బీడు తప్ప వేరే చోటు లేదు. పైగా వానల్లో గొర్రెను బురద నేల మీద ఉంచితే గిట్టలు చెడతాయి. దోమలాంటి చిన్న కుట్టే ఈగ ఎక్కువైతే నీలి నాలుక జబ్బు వస్తుంది. రాళ్ల గుట్ట మీద నీళ్లు నిలవవు, గాలి ఆడుతుంది. మీకు పనికిరాని నేల అనిపించేది మాకు అందుకే పనికొస్తుంది.

ఆ అయిదు నెలలు చోటు లేకపోతే మిగతా ఏడు నెలలు ఉన్నా లాభం లేదు. మంద అమ్ముకోవడమే. మా పక్క ఊళ్లో కంచె పడింది. మూడు మందలు ఒకే నెలలో సంతకు పోయాయి. అందరూ ఒకేసారి అమ్మితే ధర ఎంత పలుకుతుందో మీకు చెప్పక్కర్లేదు. కంచె అడ్డం పడి కుంటకు పోయే దారి మూసుకుపోయింది, ఇప్పుడు నీళ్లకు మూడు కిలోమీటర్లు చుట్టూ తిరగాలి.

ఇంకోటి, గ్రామసభకు మా వాళ్లు పోరు. రమ్మని అడిగేవాళ్లూ ఉండరు. సభ పెట్టేది పొద్దున పదకొండుకు. ఆ టైముకు మంద గుట్ట మీద ఉంటుంది.

వోల్టేజీ:
ఇది నాకు తెలియని విషయం, ఒప్పుకుంటా. కానీ దీనికి దారి లేకపోలేదు. ప్యానెళ్లు కొంచెం ఎత్తులో బిగిస్తే కింద గొర్రెలు మేయవచ్చు. వేరే దేశాల్లో గడ్డి కోత ఖర్చు తప్పుతుందని కంపెనీలే గొర్రెలను లోపలికి తోలిస్తాయి.

గొర్లమంద:
ఆ దేశాల్లో తోలిస్తారేమో. ఇక్కడ గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు నన్ను ఫోటో కూడా తీయనివ్వలేదు. గడ్డి మొలవకుండా మందు కొట్టిన చోట గొర్రెను మేపుతారా ఎవరైనా? మాటవరసకు కాదు, అగ్రిమెంటులో రాసి ఇస్తే అప్పుడు మాట్లాడదాం.

మెట్టరైతు:
నా పొలంలో కూడా గడ్డిమందు కొడుతున్నారు. ఆ మాట నిజం.

వంకగడ్డి:
చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు కల్పవల్లి గుట్టల గురించి ఇక్కడ ఎవరూ ఎత్తలేదేం?

1990ల మొదట్లో ముష్టికోవెల ఊరి వాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో తమ బోడిగుట్టలను కాపాడుకోవడం మొదలుపెట్టారు. నిప్పు పెట్టనివ్వలేదు, చెట్టు కొట్టనివ్వలేదు, కాపలాకు మనుషుల్ని పెట్టుకున్నారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. ఏడు వేల ఎకరాలకు పైగా పచ్చబడింది. ఈతచెట్లు వచ్చాయి, ఇళ్ల మీద కప్పుకునే బోదగడ్డి వచ్చింది, వంకల్లో నీళ్లు నిలబడ్డాయి. ఇంత చేసినా రికార్డులో అది బంజరే. తర్వాత గాలిమరల కంపెనీ వచ్చింది. గుట్టల నడుముల్ని కోసి పెద్ద మరలు మోసుకెళ్లే రోడ్లు వేశారు. ఆ మట్టి వానకు కొట్టుకొచ్చింది. 2013లో ఊళ్ల వాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లేసరికే రోడ్లు పడిపోయాయి.

‘బంజరు’ అంటే శిస్తు రాని నేల అని మాత్రమే అర్థం. ఏమీ లేని నేల అని కాదు. బ్రిటిష్ వాళ్ల లెక్కల పుస్తకంలో మాటను మనం ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. మీ ఊరి వాళ్లు ఇప్పుడే, ఒక్క గుంత కూడా తవ్వకముందే మేలుకున్నారు. సంతోషం.

సుగ్గిబాట:
నాది కోసిగి. పల్లెను కాపాడదాం అనే మాట వింటే నాకు నవ్వు రాదు, ఏడుపు రాదు. దీపావళి దాటితే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతారు, పిల్లల్ని బడి మానిపించి తోలుకుపోతారు. ఎవరైనా వచ్చి ఇక్కడే పని ఇస్తామంటే కంపెనీ జాతకం అడిగే తీరిక మాకు లేదు.

అయితే వోల్టేజీ గారిని ఒకటి అడుగుతా. కట్టేటప్పుడు సరే, కట్టాక వెయ్యి ఎకరాల ప్లాంటులో ఊరి మనుషులు ఎంతమంది పని చేస్తారు?

వోల్టేజీ:
కట్టేటప్పుడు వందల్లో. తర్వాత కాపలాకు, ప్యానెళ్లు కడగడానికి, గడ్డి తీయడానికి పదుల్లో. ఇప్పుడు కడగడానికి రోబోలు వస్తున్నాయి, అది కూడా తగ్గుతుంది. అబద్ధం చెప్పను.

సుగ్గిబాట:
అయితే సుగ్గి ఆగదు. మందలు పోతే గొర్రెల వాళ్లు కూడా మా లారీ ఎక్కుతారు, అంతే తేడా. ఆ లెక్కన నేను చీనీతోట వైపే.

ఒక సంగతి మర్చిపోవద్దు. 2024లో మా జిల్లాలోనే దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి చుట్టూ ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. పార్టీలు చూసుకోలేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కాకపోతే అక్కడ భయం అందరిదీ, ఎవరికీ గుత్త డబ్బు రాదు. మీ ఊళ్లో సగం మందికి డబ్బు వస్తుంది. మీ పని వాళ్ల పని కన్నా కష్టం.

దస్తావేజు:
ఆదోని కోర్టులో పదిహేనేళ్లుగా భూముల కేసులే చూస్తున్నాను. కొన్ని మాటలు.

2013 భూసేకరణ చట్టం కింద ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి, సామాజిక ప్రభావ అంచనా జరగాలి. భూమి లేకపోయినా ఆ నేల మీద మూడేళ్లుగా పని చేసి బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా చట్టం లెక్కలో బాధిత కుటుంబాలే. లీజుకు ఇవేవీ లేవు. సోలార్ ప్యానెళ్ల ప్లాంటుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ఆ పేరుతో జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. అంటే గొర్లమంద గారు తన అయిదు నెలల లెక్క చెప్పుకోవడానికి చట్టం వేసిన కుర్చీ ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఈ గ్రామసభే. దాన్ని చిన్నచూపు చూడకండి. ఊరి ఉమ్మడి భూముల్ని కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. తీర్మానంలో ఆ తీర్పు పేరు రాయండి.

పట్టా ఇచ్చేవాళ్లకు వేరే లెక్క. రెండేళ్లకు 5 శాతం అంటే 28వ ఏట 30 వేలు కాస్తా 56 వేల చిల్లర అవుతుంది. ధరలు ఏడాదికి 5 శాతమే పెరుగుతాయనుకున్నా, ఇవాళ 30 వేలకు వచ్చే సరుకు అప్పుడు లక్షా పది వేలు దాటుతుంది. మెట్టరైతు గారి గుత్త మనవడి చేతికి వచ్చేసరికి సగం విలువే. దీనికి తోడు లీజు హక్కును కంపెనీ తాకట్టు పెట్టుకోవచ్చా, వేరే కంపెనీకి మార్చవచ్చా, గడువు తీరాక పునాదుల కాంక్రీటు ఎవరు తీయాలి అన్నవి చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అయితే ఇంకా జాగ్రత్త. ఆ భూమి చేతులు మారకూడదని 1977 అసైన్డ్ భూముల చట్టం ఉంది, 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటినవాటికి సడలింపు ఇచ్చింది. మీది ఏ లెక్కలోకి వస్తుందో చూసుకోండి.

మెట్టరైతు:
సగం విలువా! ఏజెంటు 56 వేలు అన్నప్పుడు లడ్డూలా కనిపించింది. కాంక్రీటు సంగతి నా కాయితంలో ఉందో లేదో రేపు చూస్తా.

అయినా పొలం ఇచ్చింది తప్పనను. ఆ నాలుగు బస్తాలతో నా కూతురు చదువుకునేది కాదు. గుట్ట బీడు మాత్రం వేరే సంగతి. మా ఊళ్లో అది కూడా పోయింది. అప్పుడు నేను నోరు తెరవలేదు. చేలో మంద పెట్టించుకుందామని పోయిన ఏడు మిగిలిన మూడెకరాల కోసం అడిగితే, పెట్టడానికి ఊళ్లో మంద లేదు. ట్రాక్టరు ఎరువు కొన్నా.

చీనీతోట:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

సభ పొద్దున కాకుండా సాయంత్రం ఏడుకు పెట్టించాం, అది ఒక్కటే మా గెలుపు అనుకోండి. గొర్రెల వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. లోపల కుర్చీలున్నా చాలాసేపు గడప బయటే నిలబడ్డారు. పట్టా రైతులు ముందుగా మాట్లాడారు, గట్టిగానే మాట్లాడారు. ‘మా డబ్బుకు ఎందుకు అడ్డం పడతారు’ అని ఒక పెద్దాయన నా మొహం మీదే అడిగాడు. మీ పట్టాల జోలికి రావట్లేదు మామా అన్నా. బీడు లేకపోతే కంపెనీ మొత్తానికే పోతుందని ఏజెంటు చెప్పాడట. అది నిజమో బెదిరింపో నాకు తెలియదు.

తర్వాత మ్యాపు పరిచారు. ఒక ముసలి గొర్రెల కాపరి వంగి చాలాసేపు చూసి, ‘ఇందులో మా వంక యాడుంది?’ అని అడిగాడు. గుట్ట మీంచి కుంటకు పారే వంక. మ్యాపులో లేదు. దాని మీదుగానే కంచె గీత పోతోంది. వంక పూడిస్తే కుంట నిండదు, కుంట కింద పట్టా రైతుల బోర్లే ఉన్నాయి. అప్పటిదాకా అరిచినవాళ్లు కూడా మ్యాపు దగ్గరికి వచ్చారు.

తీర్మానం కాలేదు. సర్వేయరు వచ్చి మళ్లీ కొలిచాక సభ పెడతామని వాయిదా వేశారు. నాయన ఇంకా సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు.

దస్తావేజు:
వాయిదా మంచిదే. సర్వేయరు వచ్చే రోజు ఆ ముసలాయన్ను వెంట తీసుకెళ్లండి, వంక పొడవునా వీడియో తీయండి. పాత ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) కాపీకి మండల ఆఫీసులో ఇప్పుడే అర్జీ పెట్టండి, రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

గొర్లమంద:
వానలు మొదలైతే వంక తనంతట తానే కనిపిస్తుంది. సర్వే అప్పుడు పెట్టమనండి.