అమ్మమ్మ పాటలు ఇంట్లోనే రికార్డు చేయాలి, 20 వేలలో ఏం కొనాలి?

గోదారి గట్టు:
మా అమ్మమ్మకి 78 ఏళ్లు. నలుగు పాటలు, పెళ్లిపాటలు, మంగళహారతులు కలిపి ఓ యాభై అరవై వచ్చు, ఒక్కటీ కాగితం మీద లేదు. ఫోనులో ఏడెనిమిది తీశాను గానీ వింటుంటే బావిలోంచి పాడినట్టుంది, పైన ఫ్యాను రొద వేరే. వేసవిలో నెల రోజులు అమలాపురంలో ఆవిడ దగ్గరే ఉంటాను, ఈసారైనా సరిగ్గా చేయాలని. ల్యాప్‌టాప్ ఉంది. ఒక షాపులో అడిగితే కండెన్సర్ మైకు (మెల్లటి శబ్దాన్నీ బాగా పట్టే రకం), ఇంటర్‌ఫేసు (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), స్పీకర్లు, గోడకి అంటించే ఫోమ్ అంటూ 45 వేలు చెప్పారు, నా దగ్గర 20 వేలే ఉన్నాయి. ఆవిడ గొంతు సన్నం, మెల్లగా పాడుతుంది. ఏ మైకు తీసుకోవాలి? చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

రెండో ట్రాక్:
స్పీకర్లు, ఫోమ్ రెండూ కొట్టేయండి. మీరు విన్న ఆ బావి శబ్దం ఫోను తప్పు కాదు, గది తప్పు. టైల్స్ నేల, నున్నటి గోడలు, పైన స్లాబు, ఏ మైకు పెట్టినా గొంతుతో పాటు గది కూడా వినిపిస్తుంది. పల్చటి ఫోమ్ కీచు శబ్దాల్ని మాత్రమే పీలుస్తుంది, బరువైన బొంతలు అంతకంటే మేలు. వాటిని ఎక్కడ కట్టాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు, మైకు వెనక కాదు, పాడే మనిషి వీపు వెనక కట్టాలి, ఎందుకంటే ఇలా పాడటానికి వాడే కార్డియాయిడ్ రకం మైకు తన వెనక వైపు శబ్దాన్ని చాలావరకు వదిలేసి ఎదురుగా ఉన్నదంతా తీసుకుంటుంది, ఆవిడ వెనక గోడతో సహా. ఇంక దూరం. మూర దూరంలో ఉన్న మైకుని జాన దూరానికి జరిపితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది శబ్దం అలాగే ఉంటుంది. పైసా ఖర్చు లేదు. మైకు నోటికి తిన్నగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి, అప్పుడు ప, భ, ఫ పలికినప్పుడు గాలి కొట్టదు.

మైకు సంగతికొస్తే షూర్ ఎస్ఎమ్58 తీసుకోండి, అది కండెన్సర్ కాదు, డైనమిక్ రకం. 1966 నుంచి వస్తోంది, కింద పడ్డా పని చేస్తుంది.

బొంగురు గొంతు:
పైన చెప్పిందంతా నిజమే గానీ మైకు విషయంలో ఒప్పుకోను. సన్నటి గొంతుకి డైనమిక్ పెడితే గెయిన్ (ఇంటర్‌ఫేసు మీద శబ్దం పెంచే మీట) చివరిదాకా తిప్పాల్సి వస్తుంది, చవక ఇంటర్‌ఫేసులో అప్పుడు వెనక బుస్సుమని వినిపిస్తుంది. కండెన్సర్ గది శబ్దాన్ని కూడా పట్టేస్తుంది గానీ, మీరు బొంతలు కడుతున్నారు కాబట్టి ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సరే నయం. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబులులోంచే వెళ్లే కరెంటు కావాలి, ఫోకస్‌రైట్ సోలో గానీ బెహ్రింగర్ యూఎమ్‌సీ202హెచ్‌డీ గానీ, ఈ ఇంటర్‌ఫేసులు అది ఇస్తాయి. మైకు, ఇంటర్‌ఫేసుల్లో ఒకటైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బడ్జెట్‌లో సర్దుకోవచ్చు. మైకు, స్టాండు, పాప్ ఫిల్టర్ అన్నీ కలిపి చవగ్గా అమ్మే కిట్ల జోలికి మాత్రం వెళ్లకండి. నేను కొన్నదాంట్లో కేబులు చివర మామూలు ఇయర్‌ఫోన్ పిన్ను ఉంది, ఆ పిన్నులో 48 వోల్టులు రావు, గొంతు ఎక్కడో దూరంగా వినిపిస్తుంటే నెలంతా ల్యాప్‌టాప్‌నే అనుమానించాను.

రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, గట్టిగా పాడిన చోట కూడా శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో గుయ్‌మనే హమ్ చాలాసార్లు దాంతోనే పోతుంది.

పాత క్యాసెట్టు:
నేను మా నానమ్మవి తీశాను. మీ అమ్మమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టకండి, తన గొంతు చెవిలో వినిపిస్తే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు, అవి మీరు పెట్టుకోండి. ఆవిడ రోజూ కూర్చునే చోటే కూర్చోనివ్వండి. తెల్లవారుజామున ఫ్యాను ఆపినా ఉక్క తెలియదు, వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పాట అయిపోగానే ఆపకండి. నేను ప్రతి పాటకీ ఠక్కున ఆపేసేవాణ్ణి. "ఇది మా అత్తగారు నేర్పింది, అప్పగింతలప్పుడు పాడేవాళ్లం" అని ఆవిడ మొదలుపెట్టిన మాటలన్నీ పోయాయి, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు. ఒక్క మైకుకి నిమిషానికి 9 ఎంబీ కూడా పట్టదు, గంటలు గంటలు తిరగనివ్వండి. ఏ రోజుది ఆ రోజే ఇంకో డిస్కులోకి ఎక్కించండి.

గోదారి గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. వాడిన ఏటీ2020 రాజమండ్రిలో ఒకరి దగ్గర ఉందట, శనివారం వెళ్లి విని చూస్తాను. బొంతలు అమ్మమ్మ కుట్టినవే నాలుగున్నాయి. ఒక్క సందేహం, ఆవిడ చేత్తో తాళం వేస్తూ పాడుతుంది, గాజులు మోగుతాయి. తీసేయమని అడగాలా?

పాత క్యాసెట్టు:
అడగకండి. ఆ చేతివైపు నుంచి మైకుని కొంచెం పక్కకి తిప్పండి, సరిపోతుంది.