గాలె కోట: ఒక్క పూట చాలా, రాత్రి ఉండాలా?

రైలుపిచ్చి:
శ్రీలంకలో ఆరు రోజులు ఉంటాం. కొలంబో నుంచి పొద్దున్నే రైల్లో గాలె వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామని నేను, కోటలో ఒక రాత్రి ఉందామని మా ఆవిడ. ఇంట్లో తేలడం లేదు, మీరైనా తేల్చండి.

ఎండమావి:
ఒక్క పూట చాలండి. గోడ మీద చుట్టూ నడవడానికి రెండు గంటలు. లైట్‌హౌస్, 1755 నాటి డచ్ చర్చి, మ్యూజియం చూస్తే అయిపోయింది. లోపల ఏ వీధి చూసినా కాఫీ షాపులు, నగల కొట్లు. పాత డచ్ ఆసుపత్రిలో కూడా ఇప్పుడు రెస్టారెంట్లే. అది ఊరు కాదు, సినిమా సెట్టింగ్. ఆ గది అద్దె మిగుల్చుకుని పక్కనే ఉనవటున బీచ్‌లో ఉండండి.

గోడమీదపిల్లి:
ఎండమావి గారూ, మీరు ఏ టైముకి వెళ్లారో చెప్పకపోయినా తెలుస్తోంది. పదకొండింటికి దిగి మూడింటికి బస్సెక్కి ఉంటారు. ఆ టైములో గోడ మీద నిలబడ్డానికి నీడ దొరకదు, ఎవరికైనా విసుగే.

సాయంత్రం ఐదు దాటాక చూడండి. ఊళ్లోవాళ్లంతా గోడెక్కుతారు, పిల్లలు బంతాట మొదలెడతారు. సెట్టింగ్ అన్నారు గానీ, చెట్ల కింద కోర్టులున్నాయి, ఆ పక్క వీధిలో లాయర్ల బోర్డులున్నాయి. లైట్‌హౌస్ ఎదురుగా ఉన్న మసీదుని చూసి నేను మొదట చర్చి అనుకున్నాను.

పాత ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బయటి వైపు బ్రిటిష్ రాజచిహ్నం, లోపలి వైపు డచ్ కంపెనీ ముద్ర, పైన కోడిపుంజు, 1669 అన్న అంకె. పోర్చుగీసువాళ్లు కట్టిన చిన్న కోటని డచ్‌వాళ్లు 1640లో పట్టుకుని పెంచారు, 1796లో అది ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఆ కథంతా ఒక్క గుమ్మానికే ఉంది.

అసలు ఈ ఊరు ఇలా మిగలడానికి కారణం రేవు దెబ్బతినడమే అంటాను. గాలె అఖాతం నిండా రాళ్లు, పెద్ద స్టీమర్లకి ప్రమాదం. 1880ల నాటికి కొలంబోలో అలలకి అడ్డుగోడ కట్టేశాక ఓడలన్నీ అటు మళ్లాయి. వ్యాపారం తగ్గితే కూలగొట్టి కొత్తవి కట్టే తొందర ఎవరికుంటుంది?

ఎండమావి:
బాగుంది, కానీ రేవు చచ్చిందని నేను రాత్రంతా మేలుకోవాలా? మీరు చెప్పిన సాయంత్రం చూసి కూడా రైలెక్కొచ్చు.

నాలుగోఇన్నింగ్స్:
మనలో చాలామందికి గాలె అంటే క్రికెట్టే కదా. 2010లో మురళీధరన్ 800వ వికెట్ తీసింది ఇక్కడే, అవుటైంది మన హైదరాబాద్‌కి ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా. కోట గోడ మీద నుంచి గ్రౌండ్ మొత్తం కనిపిస్తుంది. 2004 సునామీ ఆ గ్రౌండ్‌నీ, పక్కనున్న బస్టాండునీ ఊడ్చేసింది. డచ్ గోడల వెనక ఉన్న ఊరు మాత్రం చాలావరకు నిలబడింది. మళ్లీ టెస్ట్ జరిగింది 2007 డిసెంబర్‌లో. ఇది తెలిసి ఆ గోడ మీద నిలబడితే వేరేగా ఉంటుంది. నా ఓటు రాత్రికే.

ఎండమావి:
సరే, సునామీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్తాను. కొయ్యల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్ల కోసం కొగ్గల వైపు పరిగెత్తకండి. ఇప్పుడు ఎక్కువగా ఫొటోకి డబ్బులడిగేవాళ్లే.

గోడమీదపిల్లి:
ఇక్కడ మాత్రం ఇద్దరం ఒకటే. దానికి బదులు కొలంబో నేషనల్ మ్యూజియంలో గాలె రాతిపలక చూడండి. చైనా నావికాధిపతి జెంగ్ హే 1409లో చెక్కించింది, 1911లో గాలెలో దొరికింది. చైనీస్‌లో బుద్ధుణ్ణి, తమిళంలో విష్ణువుని, పర్షియన్‌లో అల్లాని స్తుతించారు. రేవుకి వచ్చే వర్తకుల్లో ఎవరినీ నొప్పించకూడదనే జాగ్రత్త!

రైలుపిచ్చి:
ఒక రాత్రి ఖాయం. మా ఆవిడకి ఈ చర్చ చూపించడం నా పొరపాటు. మ్యూజియం మాత్రం నేనే పెట్టించాను. ఇంతకీ రైల్లో సముద్రం ఏ వైపు?

నాలుగోఇన్నింగ్స్:
వెళ్లేటప్పుడు కుడి వైపు.